నంబర్ మార్చాలా, బండినే మార్చాలా? రాష్ట్రం దాటే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే మా బావకు నాందేడ్ బదిలీ వచ్చింది. సామాన్లు, పిల్లల స్కూలు, కిరాయి ఇల్లు అన్నీ మా అక్క చూసుకుంది. బావ మాత్రం నాకు ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు: "కారు సంగతేంది మరి? నంబర్ మార్పియ్యాల్నా, అట్లనే నడుపుకోవచ్చా?"

నన్నే అడగడానికి కారణం ఉంది. హనుమకొండలో టీఎస్ 03తో కొన్న నా కారు పుణెకు పోయి ఎంహెచ్ 14 అయింది. తిరిగొచ్చాక టీజీ 03 అయింది. ఒకే కారుకు మూడు నంబర్లు, మూడుసార్లు ట్యాక్స్. మూడోసారి కట్టి వచ్చిన రోజు మా నాన్న రసీదు చూసి, "ఈ పైసలతోటి ఇంకో స్కూటర్ వచ్చేది గదరా" అన్నాడు. నిజమే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మూడింటిలో ఒకటి అసలు అక్కర్లేదు. బావకు చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 47 ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టర్ అయిన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలి. ఏడాది లోపైతే పాత నంబర్‌తోనే నడుపుకోవచ్చు. ఇక్కడ ముఖ్యమైన మాట 'ఉంచితే'. నెలకోసారి పెళ్లికో పండక్కో పుణె నుంచి హనుమకొండ వచ్చి పోయే బండికి ఈ లెక్క వేరు, పుణెలోనే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఉండే బండికి వేరు. చెకింగ్‌లో ఆపినవాళ్లు "ఎన్నాళ్లయింది వచ్చి?" అని అడిగితే చూపించడానికి ఏదో ఒక కాగితం కావాలి. టోల్ రసీదులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, ఉద్యోగంలో చేరిన లెటర్, సర్వీసింగ్ బిల్లు ఏదైనా పనికొస్తుంది. నేను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ ఫోన్‌లో పెట్టుకునేవాణ్ని. రెండుసార్లు అదే నన్ను కాపాడింది.

కర్ణాటక ఈ విషయంలో ఒకప్పుడు బాగా భయపెట్టింది. బయటి బండి 30 రోజులు దాటితే లైఫ్ ట్యాక్స్ (బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) కట్టాల్సిందే అని 2014లో చట్టం సవరించింది. తర్వాత హైకోర్టు ఆ సవరణను కొట్టేసింది. అయినా బెంగళూరు వెళ్లే మన పిల్లలు ఇప్పటికీ ఆ నెల రోజుల మాట పట్టుకుని టెన్షన్ పడుతూనే ఉంటారు.

రాష్ట్రం లోపలే మారేవాళ్లకు ఈ గొడవ లేదు. మంచిర్యాల నుంచి హనుమకొండ వచ్చినా, భూపాలపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లినా నంబర్ మారదు. 30 రోజుల్లో ఆర్‌సీలో అడ్రస్ మార్పించుకుంటే చాలు. పాత ఏపీ 36 నంబర్లున్న వరంగల్ బండ్లు, టీఎస్ 03, టీఎస్ 24 బండ్లు కూడా అలాగే చెల్లుతాయి. 2024 మార్చిలో టీజీ వచ్చింది కొత్త రిజిస్ట్రేషన్లకే. కాకపోతే మీ బండి ఏపీ 36 అయితే బయటి రాష్ట్రాల్లో మిమ్మల్ని ఆంధ్రా వాళ్లనుకుంటారు. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని పాత ఆర్టీవో ఆఫీసు ఇచ్చే పత్రం, దాని కోసం విజయవాడ వైపు వెళ్లమని సలహా కూడా ఇస్తారు. మీ ఎన్‌ఓసీ ఇవ్వాల్సింది తెలంగాణ ఆఫీసే. ఆర్‌సీలో అడ్రస్ హనుమకొండది ఉంటే అక్కడే. దీనికి తిరగేసిన కేసు ఏపీ 39 బండి. అది నిజంగానే వేరే రాష్ట్రం బండి. గుంటూరు నుంచి వరంగల్ వచ్చి స్థిరపడితే ఏడాది దాటాక నంబర్ మార్చుకోవాల్సిందే. అటూ ఇటూ తెలుగే కదా అంటే చట్టం ఊరుకోదు.

ఇక మీ ముందు ఐదు దారులుంటాయి: అలాగే నడపడం, నంబర్ మార్పించడం, ఇక్కడే అమ్మేసి అక్కడ కొనుక్కోవడం, బండిని ఇంటి దగ్గర వదిలి వెళ్లడం, అర్హత ఉంటే రాష్ట్రం మారినా మారని బీహెచ్ సిరీస్ నంబర్ తీసుకోవడం. అందరికీ పనికొచ్చే దారి లేదు. ఎన్ని నెలలు ఉంటారు, బండి వయసెంత, ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే దారి దానంతటదే తేలుతుంది.

ఏడాది లోపు పని అయితే

ఏమీ చేయకండి. ప్రాజెక్టు మీద ఎనిమిది నెలలు, ట్రైనింగ్‌కు ఆరు నెలలు, ఇలాంటివాటికి ఎన్‌ఓసీ తీయడం ఉత్త దండగ. ఎన్‌ఓసీ తీసుకున్న బండిని మళ్లీ ఇక్కడే ఉంచుకోవాలంటే దాన్ని రద్దు చేయించే పని ఇంకొకటి తగులుతుంది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ మూడూ దేశమంతా చెల్లుతాయి. లైసెన్స్ కూడా అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త అడ్రస్, పనిచేసే ఫోన్ నంబర్ ఇచ్చి ఉంచండి. యాక్సిడెంట్ అయితే సర్వేయర్ వచ్చేది బండి ఉన్న చోటికే. అక్కడ నిలబడి అడ్రస్ గురించి వాదించుకోవడం ఎవరికీ సరదా కాదు.

నంబర్ మార్పించేవాళ్లకు: డబ్బు లెక్క

ఫీజు చాలా చిన్నది. కేంద్ర నిబంధనల ప్రకారం కొత్త నంబర్ ఇవ్వడానికి బైకుకు 300 రూపాయలు, సొంత కారుకు 600. స్మార్ట్ కార్డు, సర్వీసు చార్జీలు పైన. లోన్ ఉంటే హైపోథెకేషన్ (ఆర్‌సీలో బ్యాంకు పేరు) నమోదుకు బైకుకు 500, కారుకు 1,500. ఇవన్నీ కలిపినా ఏజెంటు అడిగే మొత్తం ముందు ఏమీ కాదు. అసలు బరువంతా కొత్త రాష్ట్రం లైఫ్ ట్యాక్స్‌ది.

ఎనిమిది లక్షల పెట్రోలు కారు అనుకుందాం. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1,12,000. హనుమకొండలో కొన్న రోజే అది కట్టేశారు. కర్ణాటకలో కూడా ఇదే ధరకు 14 శాతమే, దాని మీద సెస్సు. మహారాష్ట్రలో పది లక్షల లోపు పెట్రోలు కారుకు 11 శాతం, అంటే 88,000. డీజిల్ అయితే 13. ఇవి కొత్త బండి రేట్లు. వాడిన బండి తీసుకెళ్తే వయసును బట్టి తగ్గుతాయి. నాలుగేళ్ల కారుకు నాలుగింట మూడు వంతులు పడుతుందని అనుకుంటే మహారాష్ట్రలో 66,000, కర్ణాటకలో 84,000 అవుతుంది. ఈ మూడు వంతులన్నది లెక్క కోసం నేను అనుకున్నదే. ఆ రాష్ట్రం ట్యాక్స్ పట్టికలో మీ బండి వయసుకు ఎదురుగా ఏ శాతం ఉందో చూసుకుని మీ అంకె మీరు వేసుకోండి.

ఆ అంకెను ఉండబోయే నెలలతో భాగించండి. 66,000 కట్టి ఐదేళ్లు ఉంటే నెలకు 1,100. పరవాలేదు. అదే కట్టి రెండేళ్లకే తిరిగొస్తే నెలకు 2,750. పైగా తిరిగొచ్చాక తెలంగాణలో మళ్లీ ట్యాక్స్. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. పుణెలో ఏడాది దాటిన మరుసటి నెలే ఉత్సాహంగా నంబర్ మార్పించాను. రెండేళ్లు తిరక్కుండానే ఉద్యోగం మారి ఇంటికొచ్చాను. నా బండికి అప్పటికే ఆరేళ్లు. అప్పుడే అమ్మేసి ఉంటే ఇవాళ ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

వదిలి వెళ్లే రాష్ట్రం నుంచి మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు, అడగాలి కూడా. కానీ అది ముందుగా రాదు. కొత్త రాష్ట్రంలో పూర్తి ట్యాక్స్ కట్టి, కొత్త ఆర్‌సీ చేతికొచ్చాక, దాని కాపీ, పాత ట్యాక్స్ రసీదు, ఎన్‌ఓసీ కాపీ జత చేసి పాత ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. బండి వయసు పెరిగేకొద్దీ వచ్చేది తగ్గుతుంది. నా రీఫండ్ నెలల తరబడి నడిచింది. పాత రసీదు దొరక్క నేనే సగం ఆలస్యం చేశాను. బండి కొన్న రోజు షోరూం వాళ్లిచ్చిన కవర్‌లోని ప్రతి కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. రీఫండ్‌ను మాత్రం మీ బడ్జెట్‌లో లెక్కేసుకోకండి. వస్తే పండక్కి బట్టలు కొనుక్కోవచ్చు.

పనులు ఏ వరుసలో చేయాలి

వరుస తప్పితే ఒక్కో పనికి రెండుసార్లు తిరగాల్సి వస్తుంది. మొదట పెండింగ్ చలాన్లు కట్టేయండి. హెల్మెట్ లేదని ఎప్పుడో ములుగు రోడ్డులో తీసిన ఫొటో ఒకటి మీకు తెలియకుండానే పడి ఉంటుంది. తర్వాత లోన్. లోన్ తీరిపోయి ఉంటే బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్ లెటర్‌తో, ఫారం 35తో ఆర్‌సీ నుంచి బ్యాంకు పేరు తీయించండి. లోన్ నడుస్తుంటే వేరే రాష్ట్రానికి మార్చడానికి అభ్యంతరం లేదని బ్యాంకు నుంచి లెటర్ తెచ్చుకోండి. దీనికే ఎక్కువ రోజులు పడతాయి. లోన్ ఇచ్చిన బ్రాంచికి కాదు, వేరే ఊళ్లో ఉన్న లోన్ విభాగానికి రాయాలని ఆలస్యంగా చెబుతారు.

ఆ తర్వాత ఫారం 28లో ఎన్‌ఓసీ దరఖాస్తు. బండి మీద దొంగతనం కేసు లేదని పోలీసు రిపోర్టు ఉంటేనే ఎన్‌ఓసీ ఇవ్వాలని చట్టం చెబుతోంది. అందుకే దొంగిలించిన బండ్ల జాబితాలో మీ ఇంజన్, ఛాసిస్ నంబర్లు లేవని తేల్చే పత్రం అడుగుతారు. 30 రోజుల్లో ఇవ్వకపోతే, కాదనకపోతే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48 అంటుంది. చట్టంలో బాగానే ఉంది గాని, అవతలి రాష్ట్రం కౌంటర్ దగ్గర 'ఇచ్చినట్టే లెక్క' అన్న మాట నడవదు. కాగితం చేతికి వచ్చేదాకా తిరగడమే.

ఎన్‌ఓసీలో ఏ ఆర్టీవో పేరు రాయిస్తున్నారో జాగ్రత్తగా చూసుకోండి. పుణె అని రాయించి మీరుండేది పింప్రి-చించ్‌వడ్ వైపు అయితే అది ఎంహెచ్ 12 ఆఫీసుకు పోతుంది, మీకు కావాల్సింది ఎంహెచ్ 14. బెంగళూరులో ఇంకా ఎక్కువ ఆఫీసులున్నాయి. కిరాయి ఇల్లు ఖాయమయ్యాక, ఆ అగ్రిమెంట్ మీదున్న అడ్రస్ ఏ ఆఫీసు కిందికి వస్తుందో చూసుకుని అప్పుడు ఎన్‌ఓసీ తీయండి. ముందే తీసి జేబులో పెట్టుకోవడం వల్ల లాభం లేదు.

అక్కడికి వెళ్లాక కొత్త నంబర్ కోసం దరఖాస్తు ఫారం 27, ఎన్‌ఓసీ, ఒరిజినల్ ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్, ట్యాక్స్ చెల్లింపు. ఇన్సూరెన్స్ ఇంకో పది రోజుల్లో అయిపోయేలా ఉంటే ముందే రెన్యూవల్ చేయించండి. మధ్యలో అయిపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. మన బండ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. దేశంలో చాలా రాష్ట్రాలు వాహన్ అనే ఒకే సిస్టంలోకి వెళ్లినా తెలంగాణ చాలా ఏళ్లు సొంత సిస్టం నడిపింది. అందుకే అవతలి ఆఫీసులో మీ నంబర్ కొడితే వివరాలు రాకపోవచ్చు. వాళ్లు ఇక్కడి ఆఫీసుతో సరిచూసుకుని ఎక్కిస్తారు. ఈ పనికి వారం పట్టినా కంగారు పడకండి.

తర్వాత ఇన్‌స్పెక్షన్. ఆ రోజు నాకింకా గుర్తుంది. ఎండలో బండ్లు వరుసగా పెట్టారు. ఇన్‌స్పెక్టర్ డ్రైవర్ పక్క సీటును వెనక్కి జరిపి, కింద మ్యాట్‌లో కోసి ఉన్న చిన్న మూత ఎత్తాడు. దాని కింద దుమ్ము పట్టిన లోహం. నేను కర్చీఫ్‌తో తుడిచాను. ఆయన తెల్ల కాగితం పెట్టి పైన పెన్సిల్‌ను అడ్డంగా రుద్దితే 17 అక్షరాల ఛాసిస్ నంబర్ నల్లగా తేలింది. దాన్ని ఆర్‌సీతో సరిచూశాడు, సరిపోయింది. ఇన్సూరెన్స్ పాలసీతో చూశాడు, ఆగిపోయాడు. పాలసీలో ఒకచోట 'ఎస్' ఉండాల్సింది '5' ఉంది. మూడేళ్లుగా ఆ పాలసీకి ప్రీమియం కడుతున్నాను, ఒక్కసారీ చూసుకోలేదు. కంపెనీకి మెయిల్ పెట్టి, ఛాసిస్ ఫొటో పంపి, సవరించిన పాలసీ తెప్పించుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇన్‌స్పెక్షన్‌లో బయటపడింది కాబట్టి సరిపోయింది. క్లెయిమ్ రోజు బయటపడి ఉంటే కథ వేరు. మీరు ఇది చదవడం ఆపి ఒకసారి మీ పాలసీ, ఆర్‌సీ పక్కపక్కన పెట్టి చూడండి.

నంబర్ మారాక ప్లేటు

కొత్త నంబర్ అలాట్ అయ్యాక కొత్త హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. రోడ్డు పక్క రేడియం షాపులో రాయించుకుంటే కుదరదు. అశోకచక్రం హోలోగ్రాం, లేజర్‌తో చెక్కిన పది అంకెల గుర్తింపు నంబర్ ఉన్నదే అసలు ప్లేటు. ఆ రాష్ట్రం అనుమతించిన సంస్థ దగ్గరే బుక్ చేయాలి. వెనక ప్లేటుకు వాడే స్నాప్ లాక్ స్క్రూలా విప్పితే రాదు, కోసేయాల్సిందే. కాబట్టి పాత ప్లేటును ఇంట్లో మీరే పీకే ప్రయత్నం చేసి బంపర్ గీతలు పడేసుకోకండి. ముందు అద్దం మీద అంటించే మూడో స్టిక్కర్‌లో కూడా నంబర్ ఉంటుంది, అదీ మారాలి. పెట్రోలుకు లేత నీలం, డీజిల్‌కు నారింజ రంగు.

ఫాస్టాగ్ సంగతి చాలామంది మరిచిపోతారు. నేనూ మరిచిపోయాను. ట్యాగ్ పాత నంబర్ మీదే ఉంటే టోల్ దగ్గర కెమెరాకు కనిపించే నంబర్ ఒకటి, ట్యాగ్ చెప్పేది ఇంకొకటి. కొత్త ఆర్‌సీ వచ్చిన రోజే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు పంపి మార్పించండి.

ఇన్సూరెన్స్‌లో ఏం మారుతుంది, ఏం మారదు

పాలసీ రద్దు చేసుకుని కొత్తది తీసుకోవాలని కొందరు ఏజెంట్లు చెబుతారు. అక్కర్లేదు. ఉన్న పాలసీ మీదే కొత్త నంబర్, కొత్త అడ్రస్ ఎక్కిస్తారు. దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. ఛాసిస్, ఇంజన్ నంబర్లు మారవు కాబట్టి బండి అదేనని తేల్చడం కష్టం కాదు.

ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం దేశమంతా ఒక్కటే. 2022 జూన్ 1 నుంచి వచ్చిన రేట్లలో 1,000 సీసీ లోపు కారుకు 2,094, 1,500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897 రూపాయలు. వరంగల్‌లో ఉన్నా ముంబైలో ఉన్నా ఇందులో తేడా లేదు. తేడా వచ్చేది సొంత బండి నష్టానికి కట్టే భాగంలో. దీనికి ఊళ్లను రెండు జోన్లు చేశారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, పుణె, ఢిల్లీ, కోల్‌కతా, అహ్మదాబాద్ జోన్ ఏ. వరంగల్, కరీంనగర్, నాందేడ్ లాంటివన్నీ జోన్ బీ. బీ నుంచి ఏకు వెళ్తే ప్రీమియం కొంచెం పెరుగుతుంది. బావ వెళ్తున్నది నాందేడ్ కాబట్టి ఆ పెరుగుదల కూడా లేదు.

కొత్త బండి కొని టెంపరరీ నంబర్‌తో రాష్ట్రం దాటేవాళ్లు ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోయాక పర్మనెంట్ చేయించకుండా తిప్పుతుండగా బండి దొంగతనానికి గురైతే ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబర్ 30న చెప్పింది. పంజాబ్‌లో కొన్న బండి, ఓనర్ రాజస్థాన్ వాసి. ఊరు మారే హడావిడిలో రిజిస్ట్రేషన్ వాయిదా వేసేవాళ్లందరి పరిస్థితీ అదే.

అమ్మేసి వెళ్తే

బండికి ఎనిమిదేళ్లు దాటితే నా ఓటు దీనికే. పదిహేనేళ్లకు ఆర్‌సీ రెన్యూవల్ ఎలాగూ వస్తుంది. మిగిలిన ఆరేడేళ్ల కోసం వేరే రాష్ట్రంలో ట్యాక్స్ కట్టి, ప్లేట్లు మార్చి, సెలవులు పెట్టడం కంటే ఇక్కడ తెలిసినవాళ్లకు ఇచ్చేయడం మేలు. బెంగళూరులో ఉండే మా చిన్నమ్మ కొడుకు అదే చేశాడు. తొమ్మిదేళ్ల కారు హనుమకొండలో అమ్మి, అక్కడ కేఏ నంబర్ ఉన్న సెకండ్ హ్యాండ్ కొన్నాడు. ఎన్‌ఓసీ మాటే లేదు.

ఈ దారిలో రెండు విషయాలు. మొదటిది నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, మీది. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, అలా 25, 35, 45 దాటి ఐదేళ్లకు 50 శాతం. అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఆ బోనస్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు ఇంకో కారుకు వాడుకోవచ్చు. సొంత నష్టం భాగం ప్రీమియం 12,000 ఉంటే 50 శాతం బోనస్‌తో 6,000 మిగులుతుంది. మా తమ్ముడు ఇది తెలియక కొన్నవాడికి పాలసీ మొత్తం ఉదారంగా ఇచ్చేశాడు. ఆ బోనస్ కొన్నవాడికీ చెల్లదు, వీడికీ దక్కలేదు.

రెండోది, ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారకుండా ఊరు వదలకండి. ఫారం 29, 30 మీద సంతకం చేసి, డబ్బు తీసుకుని, "మీరే మార్చుకోండి" అని వెళ్లిపోతే ఆ బండి చేసే ప్రతి తప్పూ మీ ఫోన్‌కే వస్తుంది. ఆర్‌సీలో పేరున్నవాళ్లే ఓనర్, యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదే అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. 700 కిలోమీటర్ల దూరం నుంచి ఆ కేసులకు తిరగడం ఊహించుకోండి.

ఇంటి దగ్గర వదిలేస్తే

అమ్మానాన్న వాడుకుంటారంటే మంచిదే. లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. వాడేవాళ్లు లేకపోతే మాత్రం వద్దు. వాకిట్లో కవర్ కప్పి పెట్టిన కారుకు ఆరు నెలల్లో బ్యాటరీ పోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, ఇన్సూరెన్స్ మాత్రం ఏటా కడుతూనే ఉండాలి.

బదిలీల ఉద్యోగాలవాళ్లకు బీహెచ్

బీహెచ్ సిరీస్ 2021 సెప్టెంబర్ 15న మొదలైంది. నంబర్ 21 బీహెచ్ 1234 ఏఏ తరహాలో ఉంటుంది. ముందు రిజిస్టర్ చేసిన సంవత్సరం, తర్వాత బీహెచ్. రాష్ట్రం మారితే నంబర్ మారదు. సైన్యం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లు అర్హులు. ప్రైవేటు కంపెనీ అయితే నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులుండాలి, మీరు అక్కడ పనిచేస్తున్నారని కంపెనీ ఫారం 60 ఇవ్వాలి. రామగుండం ఎన్‌టీపీసీ, కాజీపేట రైల్వే, ప్రభుత్వ బ్యాంకుల వాళ్లందరూ ఈ లెక్కలోకి వస్తారు.

ట్యాక్స్ ఒకేసారి కాదు, రెండేళ్లకోసారి. పది లక్షల లోపు బండికి 8 శాతం, 10 నుంచి 20 లక్షలకు 10, ఆపైన 12. డీజిల్‌కు 2 శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 తక్కువ. మొత్తాన్ని ఏళ్ల మీద పంచుతారు కాబట్టి ఎనిమిది లక్షల పెట్రోలు కారుకు రెండేళ్లకు దాదాపు పది వేలు. హనుమకొండలో ఒక్కసారే 1,12,000 కట్టేదానితో పోల్చండి. గడువు మరిచిపోతే రోజుకు 100 రూపాయల జరిమానా ఉంది, కాబట్టి క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవాలి. 2022 డిసెంబర్ సవరణతో పాత మామూలు నంబర్‌ను కూడా బీహెచ్‌గా మార్చుకునే వీలొచ్చింది.

మనకు అడ్డం వచ్చిందల్లా ఒకటే. దేశంలో మొదలైన తొలి ఏళ్లలో తెలంగాణ ఈ సిరీస్ ఇవ్వలేదు. మన ఉద్యోగులు చాలామంది పోస్టింగ్ పడ్డ రాష్ట్రంలో కొత్త బండి కొంటూ అక్కడ తీసుకున్నారు. కొత్త బండి కొనాలనుకునే బదిలీ ఉద్యోగి ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చే ముందు షోరూంలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇక్కడ బీహెచ్ ఇస్తారా?" అన్నదే. తర్వాత అమ్మేటప్పుడు అర్హత లేనివాళ్లు కొంటే మామూలు నంబర్‌కు మార్చి, వాళ్ల రాష్ట్రం ట్యాక్స్ కట్టించాల్సి వస్తుంది. మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లకు అది పెద్ద నష్టం కాదు. ఒక్కసారి మాత్రమే మారి స్థిరపడేవాళ్లకు బీహెచ్ అవసరం లేదనే అంటాను.

బైకులు, పసుపు ప్లేట్లు

బైకుకు ట్యాక్స్ తక్కువే అయినా తిరుగుడు మాత్రం కారుకున్నంత. ఆరేడేళ్లు దాటిన బైకైతే అమ్మేయండి. కొత్తదైతే రైల్లో పంపొచ్చు. ట్యాంకు ఖాళీ చేసి, ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు తీసుకుని పార్సిల్ ఆఫీసుకు వెళ్తే ప్యాకింగ్ చేసేవాళ్లు అక్కడే ఉంటారు. వరంగల్ ఎన్‌ఐటీలో చదువుకోవడానికి వేరే రాష్ట్రాల నుంచి బైకులు తెచ్చుకునే పిల్లలకూ ఇదే 12 నెలల నిబంధన. నాలుగేళ్ల కోర్సు కాబట్టి ఏడాది దాటుతుంది. ఇంటి నుంచి తేవడం కంటే ఇక్కడే సెకండ్ హ్యాండ్ కొని వెళ్లేటప్పుడు జూనియర్‌కు అమ్మడం తెలివైన పని. ట్యాక్సీలు, గూడ్స్ బండ్లది పర్మిట్, ఫిట్‌నెస్, మూడు నెలల ట్యాక్స్‌తో వేరే వ్యవహారం. దాన్ని దీనితో కలపొద్దు.

సిరోంచ వైపు చుట్టాలున్న భూపాలపల్లి వాళ్లు, చంద్రాపూర్ వెళ్లొచ్చే ఆసిఫాబాద్ వాళ్లు ఎంహెచ్ 33, ఎంహెచ్ 34 బండి చవకగా దొరికిందని కొనేస్తుంటారు. చవకగా కనిపించిన ఆ ధరకు తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కలిపి చూడండి. ఇక్కడి రేటు అక్కడికంటే ఎక్కువ. చాలాసార్లు కరీంనగర్ బండే చవకని తేలుతుంది.

బావ విషయానికొస్తే, వాళ్ల కారుకు మూడేళ్లు, నాందేడ్‌లో కనీసం నాలుగేళ్లు ఉంటానంటున్నాడు. కొత్త నంబర్‌కే వెళ్లమన్నాను, కానీ ఇప్పుడే వద్దన్నాను. పదో నెల దాకా టీఎస్ నంబర్‌తోనే నడిపి, బదిలీ నిలబడిందని ఖాయమయ్యాక ఎన్‌ఓసీ తీయమన్నాను. పాలసీలో ఛాసిస్ నంబర్ చూసుకోమన్నాను. నిన్న రాత్రి టార్చి వెలుతురులో అక్క సీటు కింద నంబర్ చదువుతుంటే బావ పాలసీ పట్టుకుని సరిచూశాడట. పదిహేడు అక్షరాలూ సరిపోయాయి. పాలసీ మీద ఇంటి నంబర్ మాత్రం పాత రైల్వే క్వార్టర్‌ది ఉంది.